రోడ్డు మీంచి కొలిచిన ఇల్లు

నా ఉద్యోగం మొత్తంలో పైవాళ్లు మెచ్చుకుని అమలు చేసిన సలహా ఒక్కటే. అది తప్పు సలహా. మిగిలినవన్నీ మంచివి కాబట్టే కాబోలు, ఒక్కటీ అమలు కాలేదు.

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు నన్ను చూడగానే "మీ అనుభవం చెప్పండి సార్" అంటుంటారు. రిటైరైనవాడి దగ్గర ఊరికే దొరికేది అదొక్కటే కదా. అనుభవం అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు నాయనా. తప్పు చేసిన రోజున మనం ఎక్కడ నిలబడి ఉన్నామో గుర్తుండటం, అంతే. నేను రోడ్డు మీద నిలబడి ఉన్నాను. ఆ సంగతే చెబుతాను.

బెంగళూరు నగరంలో రోడ్ల పనులు చూసే ఆఫీసులో నేను ఇంజినీరుని. ఇంజినీరంటే వంతెనలు కట్టినవాణ్ణి అనుకునేరు. రోడ్డుకు తారు వేయించడం, అది కొట్టుకుపోయాక మళ్లీ వేయించడం నా పని. తారు జీవితమంతా నల్లగా ఉన్నా, దాన్ని వేయించేవాడి జీవితం సాఫీగానే సాగేది. వానాకాలంలో మాత్రం ఇంకో పని మెడకు చుట్టుకునేది. నీళ్లు జొరబడిన ఇళ్లకు వెళ్లి నష్టం అంచనా వేయడం. అంచనాకూ వంచనకూ చెవికి పెద్ద తేడా తెలియదని అప్పటికి నాకు తట్టలేదు.

ఆ ఏడు వాన బాగా పట్టింది. మనం పూడ్చి ప్లాట్లు వేసిన చెరువులన్నీ తమ పాత చిరునామాలు వెతుక్కుంటూ తిరిగొచ్చాయి. మాకు ఇచ్చిన నియమం తేలికైనదే. ఇంట్లో నీళ్లు మోకాలు దాటి ఉంటే ఇంటి మరమ్మతుకు సాయం అందుతుంది. దాటకపోతే ఒక దుప్పటి, ఒక ఓదార్పు. ఓదార్పు మేం వెంటనే ఇచ్చేసేవాళ్లం. దుప్పట్లే ఆలస్యమయ్యేవి.

మొదటి తగువు మోకాలు ఎవరిది అన్నదాని మీద వచ్చింది. మాలో పొడుగువాళ్లు వెళ్లిన వీధుల్లో నష్టం తక్కువ తేలింది, పొట్టివాళ్లు వెళ్లిన వీధుల్లో ఎక్కువ తేలింది. మోకాలంటే ఇన్ని అంగుళాలని తేల్చి, టేపులు పంచి ఆ తగువు తీర్చారు. రెండోది అంత తేలిగ్గా తీరలేదు. కొలవడం ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి? ఒకడు గడప మీంచి కొలిచాడు. ఇంకొకడు నేల మీంచి. ఒక మహానుభావుడు మంచం మీంచి కొలిచి, పడుకున్నవాడికి మంచమే నేల కదా అని వాదించాడు. ఈ గొడవ తేల్చడానికి మా పెద్దసారు మీటింగు పెట్టారు.

పెద్దసారుదీ మా కోలారు వైపు తెలుగే. ప్రేమ పుడితే తెలుగు మాట్లాడేవారు, పని ఉంటే కన్నడం, కోపం వస్తే ఇంగ్లీషు. అందుకని ఆయన తెలుగులో పలకరిస్తే మేం జేబులు తడుముకునేవాళ్లం. మనిషి కాస్త పొట్టి, గుండ్రం. మోకాలి తగువులో ఆయన ఎవరి పక్షమూ వహించకపోవడానికి అదే కారణమని అనుకునేవాళ్లు.

ఆ మీటింగులో నా పక్కన రెవెన్యూ వైపు నుంచి మాతోపాటు ఇళ్లు చూడటానికి వచ్చే ఆవిడ కూర్చుంది. చిక్కపేట చీరల వ్యాపారుల ఆడపడుచు. ఇంట్లో తెలుగు, బజారులో కన్నడం, ఎక్కడున్నా నోట్లో కత్తెర. గంటసేపు అందరూ అరుచుకున్నాక, వడలు అయిపోయాక, నాకు జ్ఞానోదయమైంది. లేచి నిలబడ్డాను.

"ఇంటి నేల ఎవరిష్టం వాళ్లది సార్. రోడ్డు అందరిదీ. రోడ్డు మీంచి కొలిస్తే తగువే ఉండదు," అన్నాను.

బల్ల కింద ఆవిడ నా కాలు తొక్కింది. పొరపాటున తగిలిందేమో, పాపం ఇబ్బంది పడుతుందని, మర్యాదగా నా కాలు పక్కకు తీసుకున్నాను.

పెద్దసారు తెలుగులో మెచ్చుకున్నారు. అప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది. ఇంత లోతైన ఆలోచన ఇంతమందిలో ఒక్కడికే వచ్చిందేమిటని అందర్నీ తిట్టారు. ఆ సాయంత్రానికే ఉత్తర్వు వచ్చింది. మెట్ల దగ్గర రెవెన్యూ ఆవిడ నన్ను ఆపింది.

"ఎవరడిగిరి సార్ నిన్ను? అది లోతు ఆలోచన కాదు, లోతు తగ్గించే ఆలోచన," అంది. అసూయ అనుకున్నాను. మొట్టమొదటిసారి మెప్పు దొరికినవాడికి లోకమంతా అసూయపడుతున్నట్టే కనిపిస్తుంది.

మొదట హూడి అవతల విల్లాల కాలనీకి వెళ్లాం. అక్కడి వాళ్లకు మన సాయమూ అక్కర్లేదు, దుప్పటీ అక్కర్లేదు. ఇన్సూరెన్సు కంపెనీకి చూపించడానికి మా సంతకం ఉన్న కాగితం కావాలి. సంఘం కార్యదర్శి మమ్మల్ని క్లబ్బు హాల్లో కూర్చోబెట్టి తెర మీద బొమ్మలు వేసి వరద చూపించాడు. బయట కిటికీలోంచి అదే వరద ఇంకా కనిపిస్తోంది గానీ, తెర మీద రంగులు బాగున్నాయి.

విల్లాలన్నీ ఎత్తైన పునాదుల మీద కట్టినవి. నీళ్లు ఇంట్లోకి వచ్చిన మాట నిజమే. పాలరాతి మీద కాళ్లు కడుక్కునేంత వచ్చాయి. నా నియమం ప్రకారం రోడ్డు మీద కొలకర్ర పెట్టి చూస్తే, ఆ ఇంటి లోపలి నీళ్ల మట్టం మోకాలు దాటి తొడ దగ్గరకొచ్చింది. కార్యదర్శి నా చెయ్యి పట్టుకుని ఊపుతూ, ఇంత శాస్త్రీయంగా కొలిచేవాళ్లు గవర్నమెంటులో ఉన్నారని తనకు తెలియదన్నాడు. నాకూ తెలియదు. ఉబ్బిపోయాను.

ఒక్క చిక్కు మిగిలింది. వాళ్ల కార్లు నేల కింద సెల్లారులో మునిగిపోయాయి. రోడ్డు మీంచి కొలిస్తే సెల్లారు లోతు లెక్కలోకి రాదు. సంఘం వాళ్లు పెద్దసారుకు ఫోను చేశారు. మర్నాటికల్లా ఉత్తర్వుకు ఒక తోక మొలిచింది. సెల్లారుల విషయంలో మాత్రం సెల్లారు నేల మీంచి కొలవవచ్చునట. అంటే కారు మునిగితే కారు నిలబడిన చోటునుంచి, మనిషి మునిగితే రోడ్డు మీంచి. ఆ తోక చదివినప్పుడు కూడా నాకు తేడా కనిపించలేదు. మెప్పు ఇంకా కళ్లకు అడ్డంగా ఉంది.

తరువాత మడివాళ దిగువన, రాజకాలువ పక్క వీధికి వెళ్లాం. నగరంలో వాననీళ్లు మోసే పెద్ద కాలువను రాజకాలువ అంటారు. రాజు కొలువుతీరినప్పుడు పక్కనున్నవాళ్లు వంగి నిలబడాల్సిందే. ఆ వీధిలో ఒక అక్క ఉండేది. నా కంటే పెద్దదే గానీ వీధి మొత్తానికి అక్క. చుట్టుపక్కల పీజీ హాస్టళ్లలో ఉండే ఉద్యోగం పిలకాయలకు పొద్దున ఇడ్లీ, రాత్రికి అన్నం పెట్టే మెస్సు నడిపేది. ముందుగది మెస్సు, వెనక వంటిల్లు, ఆ మధ్యలో ఆమె సంసారం.

లోపలికి వెళ్లాలంటే రోడ్డు మీంచి మూడు మెట్లు దిగాలి. గోడ చుట్టూ నీళ్లు నిలిచిన గీత పొయ్యి గట్టుకు జానెడు కింద, ఎవరో దారంపెట్టి గీసినంత తిన్నగా ఉంది. ఆ గీత కింద ఉన్నవన్నీ పాడయ్యాయి. బియ్యం మూటలు ఉబ్బాయి. రుబ్బే గ్రైండరు బురద మింగి మూలన కూర్చుంది. వంటింటి వెనక గోడ మట్టితో కట్టిన పాత గోడ. నీళ్లు తాగి, నెలలు నిండినదానిలా ముందుకొచ్చింది.

మేస్త్రీలు మట్టం చూసే నీళ్ల గొట్టంతో ఆ గీతను రోడ్డు మీదికి తెచ్చి, కొలకర్ర పక్కన పెట్టి చూశాను. అక్క చీరకొంగు నడుముకు దోపుకుని నా వెనకే వచ్చింది.

"ఎంతొచ్చెనప్పా?"

"చీలమండ దాకా అక్కా."

ఆమె నా కాళ్లు చూసింది. నా మొహం చూసింది. తరువాత తలుపులోంచి గోడ మీద గీతను చూసింది.

"ఎవురి చీలమండ? ఏనుగుదా?"

రోడ్డు మీంచి కొలవాలని నియమం ఉందని నచ్చజెప్పబోయాను. రోడ్డు అందరిదీ అన్న నా ఆణిముత్యం కూడా వదిలాను. ఆమె కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

"నేను కాపరానికి వచ్చినప్పుడు రెండు మెట్లెక్కి ఈ ఇంట్లోకి వస్తిని. ఇప్పుడు మూడు మెట్లు దిగి పోతావుండాను. ఇల్లు యాడికీ పోలేదప్పా, కట్టిన్నాడు యాడుండెనో ఆడే ఉండాది. మీరే ఏటేటా తారు పోసి రోడ్డును పైకెత్తిరి. ఇప్పుడు ఆ రోడ్డు మీద నిలబడుకొని కిందికి చూసి, నీళ్లే రాలేదంటే ఎట్ల?"

ఆ వీధికి తారు పోయించిన ఇంజినీరు ఎవరో ఆమెకు తెలియదు. నాకు తెలుసు. కొత్త తారు పోసే ముందు పాతది గీకి తీసేయాలి. గీకడం కష్టం, పోయడం తేలిక, పైగా పోసింది అందరికీ కనిపిస్తుంది. పొర మీద పొర వేయించుకుంటూ పోయాను. నేనెత్తిన రోడ్డు మీద నేనే నిలబడి, నేనే ముంచిన ఇల్లు మునగలేదని తేల్చాను. ఇంతటి స్వయంసమృద్ధి ప్రభుత్వ సర్వీసులో అరుదు.

అక్క లోపలినుంచి ఒక నోటీసు తెచ్చి చూపింది. మా ఆఫీసులోనే కట్టడాల విభాగం పంపినది. గోడ ప్రమాదకరంగా ఉందట, మరమ్మతు చేయించేదాకా ఆ వంటింట్లో పొయ్యి వెలిగించకూడదట. అంటే మా ఆఫీసులో ఒక గది ఆ గోడ కూలిపోతుందని అంటోంది, పక్క గది ఆ గోడకు నీళ్లే తగల్లేదని అంటోంది. ఆ రెండు గదుల మధ్య గోడ మాత్రం భలే గట్టిది.

"పొయ్యి నిలిస్తే పిలకాయలు ఇంకో మెస్సుకు పోతారు. పోయినోళ్లు మళ్లీ రారు. గోడ కట్టించే శక్తి నాకు లేదు. ఇంకొకరి వంటింట్లో అంట్లు తోముకోవాల్సిందే," అంది. అంటూనే మాకు కాఫీ ఇచ్చింది, పక్కింటివాళ్ల పొయ్యి మీద కాచి తెచ్చి. ఆ కాఫీ నేను చుక్క మిగల్చకుండా తాగడం చూసి, తిరిగొచ్చేటప్పుడు రెవెన్యూ ఆవిడ నాకు నాలుగడుగులు ముందే నడిచింది.

కొలతలకని వెళ్లి కలతలు తెచ్చుకున్నాను. మర్నాడు పెద్దసారు గదికి వెళ్లి, ఇంటి నేల మీంచి కొలుద్దామని, నా సలహా తప్పని చెప్పాను. ఆయన కుర్చీ చూపించి తెలుగులోకి దిగారు. నేను జేబు తడుముకున్నాను.

"మీ సలహా మీద మీకే నమ్మకం లేకపోతే ఎట్లండీ? విల్లాలవాళ్లు ఎంత మెచ్చుకున్నారో తెలుసా? పైనించి కూడా బాగుందన్నారు. ఇప్పుడు మార్చితే ఊరంతా మళ్లీ కొలవాలి."

సెల్లారులకు మినహాయింపు ఇచ్చాం కదా సార్ అన్నాను. ఆయన ఇంగ్లీషులోకి ఎక్కారు.

"దట్ ఈజ్ బేస్‌మెంట్."

ఇదీ బేస్‌మెంటే సార్, కాకపోతే మనం కట్టించింది అనాల్సింది. ఆ జవాబు నాకు కిందికి దిగుతుంటే తట్టింది. నా తెలివితేటలు ఎప్పుడూ మెట్ల దగ్గరే కాపలా ఉంటాయి, గదిలోకి రావు.

రెవెన్యూ ఆవిడకు చెబితే తల ఊపింది. "ఆయన కాళ్లు తడవనంతవరకూ ఆయనకు ఊరంతా పొడిగానే ఉంటుంది సార్," అంది. మామూలుగా అన్న మాటే. కానీ ముల్లులా దిగబడింది.

ఆ వారంలోనే మళ్లీ ఒక సాయంత్రం వాన దంచింది. రాజకాలువ మళ్లీ కొలువుతీరింది. మర్నాడు పొద్దున పెద్దసారు మునిగిన వీధులు చూడటానికి బయలుదేరారు. టీవీ వాళ్లు వస్తారని తెలిసి వచ్చారో, ఆయన వస్తారని తెలిసి టీవీ వాళ్లు వచ్చారో చెప్పలేను. మోకాళ్ల దాకా కొత్త గంబూట్లు తొడుక్కున్నారు. కంపెనీ స్టిక్కరు ఒకదాని మీద ఇంకా అంటుకునే ఉంది. వాటిని చూసుకుంటూ, నడుస్తూ, మళ్లీ చూసుకుంటూ, పండక్కి కొత్త చెప్పులు కొన్న పిల్లాడిలా వీధిలోకి వచ్చారు.

వీధిలో కరెంటు తీసేశారు. రోడ్డు మీద చీలమండ లోతున నీళ్లున్నాయి, గోధుమరంగు కాఫీలా, అడుగు కనిపించకుండా. ఆ నీళ్లు అక్కావాళ్ల తలుపులోంచి అదే మట్టాన తిన్నగా లోపలికి సాగిపోయాయి. చూసేవాడికి బయటా లోపలా ఒకే నేల అనిపిస్తుంది. అక్క ఎదురింటి మేడమెట్ల మీద, నానిన బియ్యం గిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

కెమెరా తిరగ్గానే పెద్దసారుకు ఇంటిలోపలికి వెళ్లి చూడాలనిపించింది. బాధితుల గడప దాకా వెళ్లాను అనిపించుకోవడానికి గడప కావాలి కదా. నన్ను పిలిచారు.

"ఈ ఇంట్లో ఎంత లోతు?"

నేను రిపోర్టు తీశాను. నాకు లోపల మెట్లున్నాయని తెలుసు. ఎన్ని మెట్లో తెలుసు. గంబూటు ఎత్తెంతో ఎదురుగా కనిపిస్తోంది. సంతకం చేసిన రిపోర్టు కాదని సొంత కళ్లను నమ్మమని ఒక అధికారికి చెప్పడం క్రమశిక్షణ కిందికి వస్తుందా రాదా అని ఒక్క క్షణం ఆలోచించాను.

"మన ఉత్తర్వు ప్రకారం చీలమండ లోతు సార్," అన్నాను.

ఈసారి రెవెన్యూ ఆవిడ నా కాలు తొక్కలేదు. తన కాళ్లు రెండూ వెనక్కి తీసుకుని, నీళ్లు ఎగిరిపడని చోట నిలబడింది.

మేడమెట్ల మీంచి అక్క మాత్రం ధర్మం తప్పలేదు. "సామీ, ఆడ మెట్లుండాయి, చూసుకో," అంది. పెద్దసారు కెమెరా వైపు తిరిగి చెయ్యి ఊపుతూ, నాకంతా తెలుసమ్మా, రిపోర్టు ఉంది నా దగ్గర, అన్నారు. అని, గడప దాటారు.

మొదటి మెట్టు దగ్గర ఆయన ఆశ్చర్యపోయారు. రెండో మెట్టు దగ్గర గంబూట్ల అంచులు నీళ్లలో మునిగి, అవి రెండూ బుడబుడమంటూ కడుపు నింపుకున్నాయి. మూడో మెట్టు ఆయన దిగలేదు, అదే ఆయన్ని దింపుకుంది. ప్రేమభాష, పనిభాష, కోపభాష మూడూ ఒకే ఊపిరిలో వచ్చాయి. నీళ్లు తొడలు దాటి నడుం పట్టీని అందుకున్నాయి. నిండిన బూట్లు బురదలో పాతుకుపోయి, కాలు లేవదు. చేతులు దేనికోసమో వెతుక్కుంటున్నాయి.

"గ్రైండరు పట్టుకో సామీ, కుడిచేతి పక్క ఉండాది," అంది అక్క పైనించి. "దానికి మునిగేది అలవాటే. మీ రిపోర్టులో అది తడవనే లేదులే."

కెమెరా కుర్రాడు నవ్వు ఆపుకోలేక ఊగుతుంటే బొమ్మ కూడా ఊగింది. ఇద్దరు పీజీ పిలకాయలు ప్యాంట్లు మడిచి దిగి, ఆయన్ని బూట్లలోంచి ఊడబెరికి పైకి తెచ్చారు. బూట్లు అక్కడే ఉండిపోయాయి.

ఆ తరువాత జరిగింది ముందే చెప్పేస్తాను, ఎందుకంటే నేను దాచుకున్నది అది కాదు. ఆ సాయంత్రమే ఉత్తర్వు మారింది. స్వయంగా క్షేత్రంలోకి దిగి పరిశీలించిన మీదట ఇకనుంచి ఇంటి నేల మీంచే కొలవాలని పెద్దసారు ఆదేశించారు. దిగిన మాట నిజమే, కాదనలేం. ఆ కొత్త ఆలోచన ఆయనదేనని పైవాళ్లు మెచ్చుకున్నారు కూడా. వీధంతా మళ్లీ కొలిచాం. అక్క వెనకగోడ ఇటుకతో లేచింది, పొయ్యి వెలిగింది, పిలకాయలు చాలామంది తిరిగొచ్చారు. రోడ్డు మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది. గీకడం ఇప్పటికీ కష్టమేనట. నీళ్లు తీశాక దొరికిన బూట్లలో ఒకదానికి అడుగున బెజ్జం పెట్టి అక్క అందులో కరివేపాకు మొక్క నాటింది. మా ఆఫీసు అక్కావాళ్ల వీధికి ఇచ్చిన వస్తువుల్లో వేరు పట్టింది అదొక్కటే.

ఇక నేను దాచుకున్నది. పిలకాయలు ఇంకా ప్యాంట్లు మడుస్తున్నారు. పెద్దసారు నడుంలోతు నీళ్లలో, రెండు చేతులా గ్రైండరు కావలించుకుని నిలబడి ఉన్నారు. తలుపులోంచి నావైపు తిరిగి, ఏ భాషలో తిట్టాలో తేల్చుకోలేక, చివరికి తెలుగులోనే అరిచారు.

"ఎంత లోతుందయ్యా ఇక్కడ?"

నేను కొలకర్ర తెచ్చి రోడ్డు మీద నిటారుగా నిలబెట్టాను. కళ్లజోడు తుడుచుకున్నాను. కెమెరాకు అడ్డం రాకుండా ఒక పక్కకు జరిగి, వంగి, అంకె సరిగా చూసుకున్నాను.

"చీలమండ దాకే సార్," అన్నాను.